రెండు నిమిషాల హాల్టు



రైలు మెయిల్ బోగీలో పనిచేసినవాళ్లెవరైనా వింటూ ఉంటే వాళ్లకి నా నమస్కారం. నేనూ ఆ బోగీ మనిషినే. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, 34 ఏళ్లు సార్టర్‌గా చేశాను. అందులో చాలా కాలం రాయగడ లైను మీద రాత్రి బళ్లలోనే గడిచింది. ఎదురుగా చెక్క గూళ్లు, ఒక్కో గూటికి ఒక్కో ఊరు. కాళ్ల కింద బోగీ ఊగుతూ ఉంటుంది, చేతిలో ఉత్తరాల కట్ట. బొబ్బిలి, పార్వతీపురం లాంటి చోట్ల కాస్త ఊపిరి తీసుకోవచ్చు గానీ, డొంకినవలస లాంటి చిన్న స్టేషన్లో బండి ఆగేదే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో మన సంచీ దిగాలి, వాళ్ల సంచీ ఎక్కాలి, సంతకం పడాలి. అందుకని సంచీ ముందు స్టేషన్ దాటగానే కట్టేసి, లక్క సీలు వేసి, తలుపు దగ్గర పెట్టుకునేవాళ్లం. బండి ఆగాక సంచీ మూతి వెతుక్కునేవాణ్ణి సీనియర్లు ఏమనేవారో రేడియోలో చెప్పకూడదు.

రిటైరయ్యాక ఆ రెండు నిమిషాల బతుకు మళ్లీ నాకు దాపురిస్తుందనుకోలేదు. మా అమ్మాయి టీచరు. పాడేరు ఘాటెక్కి ఇంకా లోపలికి పోతే, చుట్టూ కాఫీ తోటలూ మిరియాల తీగలూ ఉన్న ఒక చిన్న ఊళ్లో అల్లుడి ఇల్లు. మా ఆవిడా నేనూ అక్కడికే చేరాం. ఊరు చల్లన, నీళ్లు తియ్యన, నెట్టు మాత్రం లేదు. అసలు లేదంటే అబద్ధం. వంటింటి వెనక పనసచెట్టు కింద నిలబడి చెయ్యి పైకెత్తితే ఫోన్లో ఒక గీత వస్తుంది, చెయ్యి దించగానే పోతుంది. మరి నాకేమో ఉత్తరాల పిచ్చి. పాత సార్టర్లం పాతికమందిమి ఒకళ్లకొకళ్లం ఈమెయిళ్లు రాసుకుంటాం. పెన్షన్ కాగితాలున్నాయి. న్యూజెర్సీలో మేనల్లుడున్నాడు. ఇవి కాక ఊళ్లోవాళ్ల దరఖాస్తులు. నాకు కంప్యూటరు వచ్చని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను డాకు తాత, అంటే టపా తాత, అంటున్నారు.

మొదటి నెలంతా అందరూ చేసేదే చేశాను. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఘాటు మలుపు దాకా నడవడం, బండరాయి మీద కూర్చుని ఫోన్లో హాట్‌స్పాట్ వెయ్యడం, బ్రౌజర్ తెరిచి ఇన్‌బాక్సు కోసం ఎదురుచూడడం. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. తీరా ఒక ఉత్తరం తెరుచుకుని, జవాబు మూడొంతులు రాసేసరికి సిగ్నల్ మాయం. రాసింది దక్కిందో లేదో తెలియదు. ఎండకి తెర కనపడదు. ఇంటికొచ్చి మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి. ఆవిడ ఒకరోజు అంది, "రైల్లో ఉన్నప్పుడు కూడా స్టేషన్ వచ్చాకే ఉత్తరాలు చూసేవారా?" అని.

ఆ మాటతో కళ్లు తెరుచుకున్నాయి. తప్పు సిగ్నల్‌ది కాదు, నాది. నేను ప్లాట్‌ఫారం మీద కూర్చుని సార్టింగ్ చేస్తున్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎట్ గుర్తు పెట్టి ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఉత్తరం పంపడం 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ మొదలుపెట్టాడని చదివే ఉంటారు. నాకు నచ్చిన కథ మాత్రం దాని తరువాతది. 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో యూయూసీపీ అని ఒక పద్ధతి తయారైంది. యంత్రాలకి ఒకదానితో ఒకటి శాశ్వతమైన లైను లేదు, ఉన్నది మామూలు టెలిఫోనే. పగలంతా ఉత్తరాలు పోగుచేసుకుని, రాత్రి కాల్ చార్జీలు తగ్గాక ఒక యంత్రం ఇంకోదానికి ఫోన్ చేసేది. ఇక్కడి మూట అక్కడికి, అక్కడి మూట ఇక్కడికి మార్చుకుని ఫోన్ పెట్టేసేది. ఆ రెండోది తన వంతుకి మూడోదానికి ఫోన్ చేసేది. అచ్చం మా బోగీల్లో సంచీలు ఒకరి నుంచి ఒకరికి మారినట్టే. చిరునామాలో దారంతా రాయాలి, ఫలానా యంత్రం మీదుగా, ఫలానా యంత్రం మీదుగా అని, మధ్యలో ఆశ్చర్యార్థకాలు పెడుతూ. సార్టర్ చెయ్యాల్సిన పని ఉత్తరం రాసేవాడి నెత్తిన పెట్టారన్నమాట! మాకైతే జీతమిచ్చేవారు.

మన దేశంలో 15 ఆగస్టు 1995న వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు కూడా ఉన్నది ఆ టెలిఫోను తీగే. ఆ రోజులు చూసినవాళ్లకి మోడెమ్ కీచుమనే చప్పుడు ఇంకా చెవిలో ఉండి ఉంటుంది. వైజాగులో మా బావమరిది ఇంట్లో చూశాను. కనెక్ట్ అవుతాడు, ఉత్తరాలు దించుకుంటాడు, టక్కున లైను కట్ చేస్తాడు. తరువాత తీరిగ్గా కాఫీ తాగుతూ చదువుతాడు. జవాబులన్నీ రాసి పెట్టుకుని రాత్రికి మళ్లీ కనెక్టయి ఒక్కసారే పంపుతాడు. నిమిషానికింత అని డబ్బు పోతుంటే ఎవడైనా అలాగే చేస్తాడు. ఆ తరువాత లైను ఎప్పుడూ ఉండే రోజులొచ్చాయి, బ్రౌజర్‌లో మెయిలు వచ్చింది, ఆ అలవాటు పోయింది.

బ్రౌజర్‌లో మెయిలు చూడడమంటే నా లెక్కలో ఏమిటంటే, పోస్టాఫీసుకి వెళ్లి, కౌంటర్ దగ్గరే నిలబడి ఉత్తరం చదివి, అక్కడే జవాబు రాసి, చదివిన ఉత్తరం కూడా వాళ్ల దగ్గరే వదిలేసి ఉత్త చేతులతో ఇంటికి రావడం. పోస్టాఫీసు మన అరుగు మీదే ఉంటే ఏ ఇబ్బందీ లేదు. అది ఘాటు దిగువన ఉంటేనే చిక్కు.

ఉత్తరాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి రెండు దార్లున్నాయి. ఒకటి పాప్. 1984 నాటిది, తరువాత మూడో రూపానికొచ్చింది కనక పాప్-త్రీ అంటారు. వెళ్లి ఉత్తరాలు తెచ్చుకోవడం, అంతే. అక్కడ ఒక ప్రతి ఉంచమని సెట్టింగులో చెప్పకపోతే అక్కడి బీరువా ఖాళీ అయిపోవచ్చు. రెండోది ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రాశాడు. ఇందులో అసలు ప్రతి పోస్టాఫీసులోనే ఉంటుంది, నకలు మనింటికొస్తుంది, రెండు చోట్లా రిజిస్టర్లుంటాయి. నేను ఇంట్లో ఒక ఉత్తరం చదివి, ఒకటి చింపేసి, ఒకదాన్ని వేరే ఫోల్డర్‌లో పెడితే, మళ్లీ లైను దొరికినప్పుడు ఆ రెండు రిజిస్టర్లూ ఎదురెదురుగా పెట్టుకుని సరిచూసుకుంటాయి. ఈ క్రిస్పినే 1994లో రాసిన ఒక పత్రంలో మెయిలు వాడకాన్ని మూడు రకాలుగా విడదీశాడు. ఎప్పుడూ లైనులో ఉండేది ఒకటి. దించుకుని ఇక అక్కడితో సంబంధం లేకుండా చూసుకునేది ఒకటి. మూడోది, కాసేపు కలిసి, విడిపోయి ఇంట్లో పనిచేసుకుని, మళ్లీ కలిసి లెక్క సరిచేసుకునేది. మా ఊరి గురించి ఆయనకెవరు చెప్పారో గానీ, ఆ మూడోదే మాది.

నేను వాడేది థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాం. ఉచితం, 2004 నుంచీ ఉంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, అలవాటున్నది వాడుకోండి. ఐమ్యాప్ ఖాతా పెడితే ఉత్తరాల నకళ్లు అదే కంప్యూటర్‌లోకి దించిపెడుతుంది. ఒక్క జాగ్రత్త చెప్తాను, నేను చేతులు కాల్చుకున్నాను కాబట్టి. మొదటిసారి ఖాతా కలపడం మాత్రం పట్నంలో, మంచి నెట్టున్నచోట చెయ్యండి. నేను ఆ బండరాయి మీద కూర్చుని చేశాను. అది పన్నెండేళ్ల ఉత్తరాలూ దించడం మొదలుపెట్టింది! రోజు డేటా అయిపోయింది, బ్యాటరీ అయిపోయింది, అసలు కావలసిన కొత్త ఉత్తరం రాలేదు. సింక్రనైజేషన్ సెట్టింగులో ఇటీవలి 30 రోజులవి చాలు అని చెప్పొచ్చు, ఇంత సైజు దాటిన ఉత్తరం దించొద్దని కూడా చెప్పొచ్చు. బ్రౌజర్ తప్ప వేరేది వద్దనేవాళ్లకి జీమెయిల్‌లోనే ఆఫ్‌లైన్ అని ఒక సెట్టింగుంది. 7, 30, 90 రోజుల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు.

ఇక రాయడం. జవాబు రాసి సెండ్ నొక్కకుండా సెండ్ లేటర్ అంటాను. కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే చాలు. ఉత్తరం అవుట్‌బాక్సులోకి వెళ్లి కూర్చుంటుంది. అదే నా సంచీ. రాత్రి భోజనాలయ్యాక, దీపం ఉన్నంతసేపు, హాయిగా రాసుకుంటాను. ఒక్కోసారి రాత్రి రాసిన కోపం ఉత్తరం పొద్దున్నే తీసి చింపేస్తాను. పెన్షన్ ఆఫీసుకి రాసినవి ముఖ్యంగా.

మరి రైలు ఏది? మా అమ్మాయే రైలు. రోజూ పొద్దున ఏడున్నర బస్సుకి మండల కేంద్రంలో బడికి పోతుంది, అక్కడ సిగ్నల్ బాగుంటుంది. సోమవారం, గురువారం నా ల్యాప్‌టాప్ ఆ పిల్ల సంచీలో, టిఫిన్ డబ్బా పక్కన ప్రయాణం చేస్తుంది. వారానికి రెండు డాకులు. "నాన్నా, ఇవాళ సంచీ ఉందా?" అని గుమ్మంలో నిలబడి అడుగుతుంది. ఇంటర్వెల్లో మూత తీసి, ఫోన్ కలిపి, నేను చీటీ మీద రాసిచ్చినట్టు చేస్తుంది. ఫైలు, ఆఫ్‌లైను, డౌన్‌లోడ్ సింక్ నౌ. వచ్చేవి వచ్చి పోయేవి పోయాక మూత వేసేస్తుంది. మొత్తం అయిదు నిమిషాలు. సాయంత్రం బస్సు దిగగానే నేను మెయిల్ గార్డులా ఎదురెళ్లి సంచీ అందుకుంటాను. సంతకం మాత్రం పెట్టను.

ఇదేమీ కొత్త సంగతి కాదండోయ్. 2000 తరువాత తొలి ఏళ్లలో కర్ణాటకలో, బెంగళూరు దగ్గర దొడ్డబళ్లాపుర ప్రాంతంలో, డాక్‌నెట్ అని ఒకటి నడిపారు. అమెరికాలో ఎంఐటీ వాళ్ల ఆలోచన, పేరు మాత్రం మన డాకు. బస్సులో వైర్‌లెస్ పెట్టె పెట్టారు. బస్సు ఊళ్లోకి రాగానే అక్కడి కియాస్కు కంప్యూటర్‌లోని ఉత్తరాలూ దరఖాస్తులూ తీగ లేకుండానే దాంట్లోకి ఎక్కేవి. బస్సు పట్నం చేరాక దిగేవి. కంబోడియాలో రతనకిరి అడవుల్లో బడుల కోసం ఇదే పనిని మోటారు సైకిళ్లతో చేశారు. ఆ సంగతి చదివినప్పుడు మా అమ్మాయికి చూపించాను. "నాకు జీతం ఎవరిస్తారు?" అంది.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే బరువు దగ్గర. తెలుగు అక్షరానికి కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ చోటు కావాలి, మూడు బైట్లు. అయినా రెండువేల అక్షరాల ఉత్తరమంటే ఆరు కిలోబైట్లే. అదే ఫోన్‌తో తీసిన ఒక ఆధార్ ఫోటో నాలుగు మెగాబైట్లు ఉంటుంది. అంటే అలాంటి ఉత్తరాలు ఆరువందలకు పైగా ఆ ఒక్క ఫోటో బరువు! పైగా అటాచ్‌మెంటును మెయిలు యథాతథంగా మొయ్యదు. అక్షరాల వేషం వేసి మోస్తుంది, ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. అందుకే 25 మెగాబైట్లు పరిమితి అన్నచోట 20 ఉన్న ఫైలు వెళ్లనంటుంది. ఇంకో కష్టం, మెయిలు పంపడం మధ్యలో లైను తెగితే ఆగినచోటి నుంచి మొదలవదు. మళ్లీ మొదటికి పోతుంది. ముప్పాతిక దాకా ఎక్కిన కొండ మళ్లీ కిందనుంచి ఎక్కడమే. బలహీనమైన లైను మీద పెద్ద అటాచ్‌మెంటు అసలు ఎప్పటికీ వెళ్లకపోవచ్చు. అది పోదు, దాని వెనక ఉన్నవాటినీ పోనివ్వదు. అందుకని ఫోటోలన్నీ ముందు కుదిస్తాను. రెండువందలు, మూడువందల కిలోబైట్లలో ఆధార్ నంబరు చక్కగా కనిపిస్తుంది. కాఫీ తోటకి సబ్సిడీ దరఖాస్తు పెట్టుకునే మనిషి ముఖం అంత స్పష్టంగా ఉండక్కర్లేదు.

ఇంకోటి, కంప్యూటర్ కూడా మన హాల్టు కోసమే కాచుకుని ఉంటుంది. నెట్టు తగలగానే విండోస్ తన అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడుతుంది. రెండు నిమిషాల హాల్టులో టీ అమ్మేవాడు బోగీలోకి ఎక్కేసినట్టు! వై-ఫై సెట్టింగులో ఆ ఫోన్ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్ అని గుర్తుపెడితే చాలావరకు ఊరుకుంటుంది. ఇది తెలియక ఒక గురువారమంతా డాకు తప్పింది.

పోయిన మాఘంలో జరిగిన సంగతి చెప్పాలి. మేనల్లుడి కూతురి పెళ్లి. ముహూర్తం, సత్రం పేరు, బస్సు వివరాలు అన్నీ నాకు పంపి, "మావయ్యా, మన వైపు వాళ్లందరికీ నువ్వే రాయి" అన్నాడు. నలభై మందికి, ఒక్కొక్కరి వరస కలిపి, అక్కయ్యగారూ, బావగారూ అంటూ రెండు రాత్రులు కూర్చుని రాశాను. గురువారం అమ్మాయి కనెక్ట్ చేసింది. నా నలభై ఉత్తరాలూ వెళ్లిపోయాయి. అదే నిమిషంలో మేనల్లుడి కొత్త ఉత్తరం వచ్చింది. పంతులుగారు ముహూర్తం మార్చారని, సత్రం కూడా మారిందని! నాకు తెలిసేసరికి సాయంత్రం. దిద్దుకోవడానికి సోమవారం దాకా ఆగాలి. ఆ నాలుగు రోజులూ నిద్రలేదు. చివరికి పనసచెట్టు కింద చెయ్యెత్తి నిలబడి పదిమందికి ఎస్సెమ్మెస్సులు ఇచ్చాను. మిగతావాళ్లకి వాళ్లే చెప్పారు.

అప్పటినుంచీ అమ్మాయి చీటీ మారింది. ముందు దించు, తరువాత ఎక్కించు. దించాక సబ్జెక్టులు ఒకసారి కళ్లతో చూడు. నేను రాసిన మనిషి దగ్గర్నుంచే కొత్తగా ఏదైనా వచ్చి ఉంటే నా ఉత్తరం ఆపెయ్యి. ఆ పిల్లకి ఇంటర్వెల్లో ఇంత పని పెడుతున్నానని మా ఆవిడ కోపం. ఇంకో అలవాటు కూడా నాకు పట్టుకుంది, పాత అలవాటే. ఉత్తరం పైన ఊరు, వారం, వేళ రాస్తాను. "బుధవారం రాత్రి రాస్తున్నాను, సోమవారం సాయంత్రం దాకా వచ్చిందే నాకు తెలుసు" అని. కార్డు ముక్క మీద మా నాన్నగారు రాసినట్టు.

కొన్నిసార్లు ఒకే ఉత్తరం రెండుసార్లు చేరుతుంది. అవతలివాళ్లు నవ్వుతారు, పెద్దాయనకి మతిమరుపు వచ్చిందని. మతిమరుపు నాది కాదు. ఉత్తరం మొత్తం చేరాక అవతలి సర్వరు "అందింది" అని ఒక మాట అంటుంది. సరిగ్గా ఆ మాట వచ్చేలోపల లైను తెగిందనుకోండి, నా యంత్రానికి అది చేరినట్టు తెలియదు. పాపం నిజాయితీగా మళ్లీ పంపుతుంది. సంచీ దిగింది, సంతకం పడేలోపల బండి కదిలింది. ఆ తగాదాలు నా సర్వీసులో ఎన్ని చూశానో!

అటువైపు మాత్రం ఓర్పు ఎక్కువ. నా ఉత్తరం ఒకసారి సర్వరు చేతికి చేరిందా, అవతలి సర్వరు పడకేసినా అది వెంటనే చేతులెత్తెయ్యదు. మెయిలు నియమాల్లోనే ఉంది, మధ్యమధ్య ఆగుతూ ప్రయత్నిస్తూ ఉండాలని, వదిలెయ్యడానికి ముందు కనీసం నాలుగైదు రోజులు చూడాలని. ఈ రోజుల్లో నాలుగైదు రోజులు ఎవరు ఆగుతున్నారు చెప్పండి? వాట్సాప్‌లో రెండు టిక్కులు పడితే, జవాబు ఏదని అయిదో నిమిషంలో ఫోన్ చేస్తారు.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఒక్కటే. ఈ మధ్య అందరూ ఉత్తరం బదులు లింకు పంపుతున్నారు. "వివరాలకు ఇక్కడ నొక్కండి." ఎక్కడ నొక్కను? అసలు కాగితం వాళ్ల డ్రైవులో ఉంది, నా చేతిలో ఉన్నది దాని లింకు. తాళంచెవి పోస్టులో పంపి బీరువా వాళ్లింట్లోనే ఉంచుకున్నట్టు. ఇంకొందరు ఉత్తరమంతా ఒక బొమ్మ చేసి పంపుతారు, అది కూడా లైను ఉంటేనే కనిపిస్తుంది. ఇక మెయిలుకి ఓటీపీ పంపించి పది నిమిషాల్లో కొట్టమనేవాళ్లకి నేనేమని జవాబు చెప్పను? గురువారం పుట్టిన ఓటీపీ గురువారమే చచ్చిపోతుంది, నాకు దాని శవం సాయంత్రం బస్సులో వస్తుంది. నాకు రాసేవాళ్లందరికీ ఒక మనవి పెట్టుకున్నాను. చెప్పదలిచింది ఉత్తరంలోనే రాయండి, నాలుగు ముక్కలైనా సరే. పాత సార్టర్లు విన్నారు. పిల్లలు ఇంకా వినలేదు.

ఈ ప్రసంగం కూడా అలాగే వెళ్లింది. మంగళ, బుధవారాల్లో రాశాను. సైజు ముప్ఫై కిలోబైట్లు, ఫోటో లేదు. గురువారం బస్సెక్కింది. రేడియో వాళ్లు అదే రోజు మధ్యాహ్నం జవాబు రాశారట, నాకు సోమవారం సాయంత్రం చేరింది. ప్రసంగం బాగుందని, ఒక నిమిషం ఎక్కువైందని, పెళ్లి ముచ్చట తీసెయ్యొచ్చేమో చూడమని. పెళ్లి ముచ్చట ఉంచి, ఆర్.ఎం.ఎస్. గురించి రాసిన రెండు పేజీలు తీసేశాను. ఆ సంగతి ఇంకా అవుట్‌బాక్సులోనే ఉంది.